ఫ్లెక్సీ మీద ఎస్నాత్

జయశీల ఆటోలోంచే ఆ ఫ్లెక్సీని చూసింది. దొరువుపాళెంలో చర్చి వైపు మలుపు తిరిగే చోట రెండు సరుగుడు కర్రలకు కట్టి ఉంది. పైన ఎర్రటి అక్షరాలతో "ఆఫ్రికా మిషనరీ సభ, ఆదివారం సాయంత్రం" అని ఉంది. ఒక మూల తెల్లచీరలో తన బొమ్మ, ఎప్పుడో వయసులో ఉన్నప్పటిది. దానికి రెండింతల పెద్దదిగా, నేలమీద కూర్చున్న ఒక నల్లటి పెద్దావిడ. ఒళ్లో పసిబిడ్డ. ఆవిడ కళ్ల నిండా నీళ్లు. కింద, "చీకటి ఖండంలో ఆకలితో అలమటిస్తున్న ఆత్మలు మీ కోసం ఎదురుచూస్తున్నాయి" అని రాసి ఉంది.

"ఆపు నాయనా" అంది జయశీల ఆటో అతనితో.

నెల్లూరులో పంటి డాక్టరు దగ్గరకు వెళ్లి వస్తోంది ఆమె. దవడ ఇంకా మొద్దుబారే ఉంది. దిగి ఆ బొమ్మ ముందు నిలబడింది. పైట చెంగు గాలికి ఎగిరి ముఖాన పడుతున్నా తీసుకోలేదు.

జయశీల నర్సు. వయసు యాభై దాటింది. పెళ్లి చేసుకోలేదు. నెల్లూరులోని ఒక మిషనరీ సొసైటీ చాలా ఏళ్ల కిందట ఆమెను ఆఫ్రికాలోని మలావీ దేశానికి పంపింది. అక్కడ సముద్రమంత సరస్సు ఒడ్డున ఒక పల్లె, ఆ పల్లెలో చర్చివాళ్లు నడిపే చిన్న ఆస్పత్రి. కాన్పులు చేస్తూ అక్కడే ఉండిపోయింది. ఎప్పుడో ఒకసారి సెలవు మీద తమ్ముడి ఇంటికి వస్తుంది. సొసైటీవాళ్లు చెప్పిన ఊళ్లు తిరిగి నాలుగు మాటలు చెబుతుంది. మళ్లీ వెళ్లిపోతుంది. ఈసారీ అలాగే వచ్చింది.

రోడ్డు పక్కన ప్రమీలమ్మ పెద్ద చేపలను చీల్చి ఉప్పు పట్టిస్తోంది. ఆమెది చేపలు పట్టేవాళ్ల కుటుంబం. చర్చికి రాదు, పోలేరమ్మకు మొక్కుతుంది. జయశీలను మాత్రం పావడాలు కట్టుకునే రోజులనుంచీ ఎరుగును.

"అక్కా, ఆ కత్తి ఒకసారి ఇటియ్యి."

"ఏందమ్మే, కొత్త చీర కట్టుకోని చేపలు కోస్తావా?"

"చేపలు కాదు."

జయశీల కత్తి తీసుకుని కర్రలకు కట్టిన తాళ్లను తెగ్గోసింది. పై తాళ్లు అందలేదు. ఆటోను దగ్గరికి తెప్పించి, దాని అంచు మీద ఎక్కి నిలబడి వాటినీ కోసింది. ఫ్లెక్సీ చప్పుడు చేస్తూ కిందపడింది. సైకిళ్లమీద పోయేవాళ్లు ఆగి చూశారు. ఆమె ఎవరివైపూ చూడకుండా, బొమ్మ లోపలికి వచ్చేలా దుప్పటి మడిచినట్టు మడిచి చంకన పెట్టుకుంది.

"పాస్టరు కట్టిచ్చినాడు గదమ్మే. ఏమన్నా అంటాడేమో" అంది ప్రమీలమ్మ.

"అననీ."

"ఇంతకీ ఎవరామె? పాపం, ఆకలికి తట్టుకోలేక ఏడస్తా ఉండాది."

"ఆకలికి కాదక్కా. నాకోసం ఏడిచింది."

తమ్ముడి పేరు సమాధానం. బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. అక్క చంకలో ఫ్లెక్సీని చూసి షెడ్డులోంచి నూనె చేతులతోనే బయటికి వచ్చాడు. సంగతి విని తల పట్టుకున్నాడు.

"ఏం పనక్కా ఇది? సొసైటీలో హెబ్రోను గారికి తెలిస్తే ఊరుకుంటాడా?"

"ఊరుకోమని ఎవరన్నారు? ఇది చూడు."

తన ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. అదే పెద్దావిడ, అదే పసిబిడ్డ, అవే కన్నీళ్లు. కానీ ఈ ఫొటో వెడల్పుగా ఉంది. పెద్దావిడ చేతిలో ఒక గ్లాసు ఉంది. ఆమె పక్కన చాప, చాపమీద ఎముకలు బయటపడ్డ ఒక ఆడమనిషి. కళ్లు మూతలు పడి ఉన్నాయి. సమాధానం ఫోనును దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"అక్కా, ఇది నువ్వు!"

"నేనే. మలేరియా మెదడుకు ఎక్కింది. మంచాలన్నీ నిండిపోయి ఉంటే వసారాలో చాపేసి పడుకోబెట్టినారు. ఆమె పేరు ఎస్నాత్. అక్కడి చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. నాకు తెలివి వచ్చిందాకా ఆ చాప పక్కనుంచి లేవలేదంట. ఆ బిడ్డ ఆమె మనవడు. వాడికీ జ్వరమే. వాడిని ఒళ్లో పెట్టుకోని నాకు నీళ్లు తాపింది. నేను బతికినాక ఈ ఫొటో సొసైటీకి పంపినాను, నన్ను కాపాడిన తల్లి ఈమేనని రాసి. వాళ్లు నన్ను కత్తిరించి పారేసి, ఆమెను ముష్టికి నిలబెట్టినారు."

సమాధానం ఫోను తిరిగి ఇచ్చేశాడు. "నాకెందుకు చెప్పలేదు, ఇంత జబ్బు చేసిందని?" అని మాత్రం అడిగాడు.

ఆ సాయంత్రం జయశీల డాబా మీద కూర్చుని మలావీకి ఫోన్ చేసింది. అక్కడ పెద్దవాళ్లను "అమాయి" అని పిలుస్తారు, అమ్మా అన్నట్టు. అమాయి ఎస్నాత్ గొంతు వినబడగానే ఫ్లెక్సీ విషయం దాచకుండా చెప్పింది. రాసిన మాటలు కూడా వాళ్ల భాషలోకి మార్చి చెప్పింది. చెబుతుంటే సిగ్గుతో ఒళ్లు కుంచించుకుపోయింది.

ఎస్నాత్ అంతా వింది. తర్వాత, "నా పేరు రాశారా?" అని అడిగింది.

"లేదు అమాయి."

"అయితే నేనే చెబుతాను. ఆ సభ ఎప్పుడు?"

జయశీలకు తను మొదట అక్కడికి వెళ్లిన రోజులు గుర్తుకొచ్చాయి. బైబిలు చేత పట్టుకుని, నేర్చుకున్న నాలుగు ముక్కలతో ప్రతి ఇంటి ముందూ నిలబడి ప్రసంగాలు చేసేది. ఒకరోజు ఎస్నాత్ ఆమె భుజం పట్టుకుని, "ముందు కూర్చో" అంది. పిల్ల ఒకతి చెంబుతో వచ్చి అందరి చేతులమీదా వరసగా నీళ్లు పోసింది. మొక్కజొన్న సంగటి మధ్యలో పెట్టారు. సరస్సులో పట్టిన చిన్న చేపలు, అచ్చం మన నెత్తళ్లలాగే ఎండబెట్టి వండినవి, పక్కన పెట్టారు. ఒకే పళ్లెంలో అందరి చేతులూ. ఆ పూట జయశీల ఒక్క వాక్యమూ బోధించలేదు. వాళ్ల సంగతులు వింది. ఆ తర్వాతే ఆ ఊరివాళ్లు ఆమె చెప్పేది వినడం మొదలుపెట్టారు.

ఇంకొకటి ఆమె సభల్లో ఎన్నడూ చెప్పలేదు. ఒక వానాకాలం ఆస్పత్రిలో వరసగా పసిబిడ్డలు పోయారు. తన చేతులమీదుగా భూమ్మీద పడినవాళ్లే. జయశీల దేవుడితో తగువు పెట్టుకుంది. ఇంత దూరం తెచ్చింది ఇందుకా అని అరిచింది. ప్రార్థన మానేసింది. మిషనరీ అయివుండి ప్రార్థన చెయ్యలేకపోతున్నానని ఎస్నాత్‌కు చెప్పినప్పుడు ఆవిడ ఆశ్చర్యపోలేదు. "మానెయ్. నీ వంతు మేం చేస్తాం. నువ్వు వచ్చి మా మధ్య కూర్చుంటే చాలు" అంది. వెళ్లి కూర్చుంది. వాళ్లు పాడుతుంటే వింది. చాలాకాలం కూర్చున్నాక ఒక ఆదివారం తన నోరు కూడా కదలడం తనే గమనించింది. ఇప్పుడు తనకున్న విశ్వాసం నెల్లూరులో కట్టిచ్చిన మూటలోది కాదు. అక్కడి చర్చి బెంచీలమీద కూర్చుని తెచ్చుకున్నది.

మర్నాడు హెబ్రోను గారు పాస్టరు టైటస్‌ను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. హెబ్రోను గారు సొసైటీ సెక్రటరీ. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. జయశీల మొదటిసారి బయల్దేరినప్పుడు విమానాశ్రయం దాకా వచ్చి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థించింది ఆయనే. ఆమె తల్లి పోయినప్పుడు, జయశీల రాలేకపోతే, సమాధి దగ్గర సమాధానం పక్కన కొడుకులా నిలబడిందీ ఆయనే. అందుకే ఆయన కుర్చీలో కూర్చునేదాకా జయశీల నిలబడే ఉంది.

"ఫ్లెక్సీ నువ్వే కోసేసినావంట గదమ్మా."

"అవునయ్యగారూ."

ఫోనులో ఫొటో చూపించబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆ ఫొటో నాకు తెలుసు. కత్తిరించమన్నది నేనే. మిషనరీ చాపమీద పడుండాది, ఆమెకు వాళ్లు సేవ చేస్తుండారు. ఇది చూపిస్తే మన జనం ఏమనుకుంటారు? ఎవరు ఎవరికి సువార్త చెప్పినట్టు?"

"నేనడిగేదీ అదే గదయ్యగారూ."

హెబ్రోను గారికి కోపం రాలేదు. అలిసిపోయినట్టు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నవ్వే ముఖాలు చూపిస్తే జనం చప్పట్లు కొట్టి ఇంటికి పోతారమ్మా. ఏడిచే ముఖం చూస్తేనే కదులుతారు. ఇది నేను కనిపెట్టింది కాదు. ఒకప్పుడు దొరలు మన తాతల ఫొటోలు ఇట్టాగే తీసుకోనిపోయి వాళ్ల దేశంలో సభలు పెట్టినారు. చూసినవాళ్ల మనసు కరిగింది. మనకు బడి వచ్చింది, ఆస్పత్రి వచ్చింది. నువ్వు నర్సు చదివింది అందువల్లే."

"ఆ ఫొటోల్లో మా అవ్వ ఉండిందేమో అయ్యగారూ. ఆమెను ఎవరన్నా అడిగినారా?"

టైటస్ తల వంచుకుని చేతిలోని బండి తాళాలను చూస్తూ ఉండిపోయాడు. వయసులో చిన్నవాడు, ఈ సంఘానికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు.

"ఇట్ట చూడమ్మా" అన్నారు హెబ్రోను గారు చివరికి. "ఈ వయసులో, ఈ ఆరోగ్యంతో నిన్ను మళ్లీ పంపేది ఎందుకని కమిటీలో ఇప్పటికే అంటుండారు. నేను అడ్డం పడుతుండా. ఆదివారం నువ్వు వాళ్ల ఆకలి గురించి చెప్పు. స్లైడ్లు టైటస్ చూపిస్తాడు. కాదంటే నీ తరఫున నేను మాట్లాడలేను."

"ఆకలి ఉంది, లేదనను. వానలు తప్పిన ఏడాది వాళ్లతోపాటు నేనూ ఒంటిపూట తిన్నా. అది చెప్పమంటే చెబుతా. కానీ పేరు లేకుండా ఆమె ముఖాన్ని చూపించను. మీరు చూపిస్తే మధ్యలో లేచి ఆపుతా. ముందే చెబుతుండా, తర్వాత చెప్పలేదనుకోబాకండి."

ఆదివారం చర్చి నిండిపోయింది. ఫ్లెక్సీ తెగ్గోసిన సంగతి చుట్టుపక్కల ఊళ్లకు పాకడంతో ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. ప్లాస్టిక్ కుర్చీలు చాలక కొందరు గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్లలో ప్రమీలమ్మ కూడా ఉంది. పాటలయ్యాయి. హెబ్రోను గారు జయశీల త్యాగం గురించి చాలాసేపు మాట్లాడారు. ఆమె ఇష్టంగా తినే కూరలను, పెళ్లిని, సొంత ఊరిని ఎలా వదులుకుందో చెప్పారు. జనం జాలిగా చూశారు. గోడమీది తెల్లటి తెరపై మొదటి స్లైడ్ వచ్చింది. ఎండిపోయిన నేల. రెండోది ఎస్నాత్ ముఖం.

జయశీల లేచింది. "టైటస్, అది తీసెయ్ నాయనా."

టైటస్ హెబ్రోను గారివైపు చూశాడు. ఆయన కదలలేదు. టైటస్ మీట నొక్కాడు. తెర తెల్లగా అయిపోయింది.

"ఇప్పుడు ఇది పెట్టు." తన ఫోను ఇచ్చింది. తెరమీద పూర్తి ఫొటో వచ్చింది. చాపమీది మనిషి ఎవరో పోల్చుకున్న ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"ఆ పడున్నది నేను" అంది జయశీల. "నీళ్లు తాపుతున్న తల్లి పేరు ఎస్నాత్. అయ్యగారు నేనేదో వదులుకున్నానని చెప్పినారు. నేను వదులుకున్నది లెక్కేసుకోలేదు. దొరికింది మాత్రం చెబుతా. నేను చీకట్లోకి దీపం తీసుకోనిపోలేదు. నేను పోయేసరికే వాళ్ల ఇంట్లో దీపం వెలుగుతుండింది. నా బిడ్డలు, అంటే నేను పురుడు పోసిన బిడ్డలు, వరసగా చనిపోతే దేవుడు లేడనుకున్నా. అవును, మీరు పంపిన మిషనరీనే, దేవుడి మీద అలిగి నోరు మూసుకున్నా. అప్పుడు నా తరఫున వాళ్లే ప్రార్థన చేసినారు. ఇది వినడానికి మీకు బాగుండకపోవచ్చు. కానీ ఇదే జరిగింది. జాలిపడాలనుకుంటే ఆ చాపమీది దానిమీద జాలిపడండి. ఆమె మీద కాదు."

వెనకనుంచి ఎవరో, "మరి మేమెందుకు పంపినట్టు?" అని గట్టిగానే అడిగారు.

"ఆమెనే అడగండి" అంది జయశీల.

వీడియో కాల్ కలవడానికి కాస్త సమయం పట్టింది. తెరమీద ముందు ఒక మామిడిచెట్టు కొమ్మ, తర్వాత ఆకాశం, తర్వాత ఎవరిదో చెవి కనిపించాయి. పిల్లలు నవ్వారు. ఆ తర్వాత ఎస్నాత్ ముఖం తెరంతా నిండింది. తలకు రంగురంగుల గుడ్డ చుట్టుకుంది. వెనకాల తెల్ల జాకెట్లు వేసుకున్న ఆడవాళ్లు బెంచీలమీద ఒత్తుకుని కూర్చున్నారు. అక్కడ ఇంకా ఎండగా ఉంది.

ఎస్నాత్ మాట్లాడింది. జయశీల పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. "నా పేరు ఎస్నాత్. నాకు తొమ్మండుగురు మనవళ్లు. మీరు నా ఫొటో చూశారట. ఆ రోజు నేను బాగా లేను, మా జయ చచ్చిపోతుందనుకున్నాను. ఇప్పుడు చూడండి, బాగున్నాను." పక్కనున్న ఆడవాళ్లు పెద్దగా నవ్వారు. చర్చిలో కూడా కొందరు నవ్వారు. "మీ ఊరికి తుఫాను వచ్చిందని జయ చెప్పినప్పుడు మేం ఉపవాసం ఉన్నాం. బోట్లు పోయినవాళ్లకు మళ్లీ వచ్చాయా? మీలో జబ్బుగా ఉన్నవాళ్లు ఎవరు? చెప్పండి, మేం ప్రార్థన చేయడానికే ఇక్కడ కూర్చున్నాం."

చర్చిలో ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. వాళ్ల కోసం ప్రార్థన చేయడానికి వచ్చిన జనం. వాళ్లే తమను అడుగుతారని ఎవరూ అనుకోలేదు. హెబ్రోను గారు తెరవైపు చూస్తూ కూర్చున్నారు.

గుమ్మం దగ్గర కదలిక వచ్చింది. ప్రమీలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. అంతమంది మధ్య చెప్పులు చేతపట్టుకుని నిలబడింది.

"అమ్మే, నేను చర్చిమనిషిని కాదని ఆమెకు చెప్పు. అయినా అడగొచ్చా అని అడుగు."

జయశీల అడిగింది. ఎస్నాత్ చెయ్యి ఊపి, రమ్మన్నట్టు సైగ చేసింది.

"నా కొడుకు పెంచలకృష్ణ. తుఫాను రోజు సముద్రంలో బోటు బోల్తాపడింది. వీడొక్కడే బయటపడినాడు. అప్పటినుంచి నీళ్లవైపు చూడడు. మాట్లాడడు. గోడకానుకోని కూర్చుంటాడు. పెళ్లాం పుట్టింటికి పోయింది. పనికిమాలినోడని ఊరంతా అంటుండారు. నేనూ అన్నా. తిట్టినా. ఏం జెయ్యాల్నో నాకు తెలీదు."

జయశీల ఆ మాటలను ఆ భాషలోకి తిప్పి చెప్పింది. ఎస్నాత్ మొత్తం విన్నది. ఆమె ముఖం ఇప్పుడు ఫొటోలో ఉన్నట్టే ఉంది.

"నా పెద్దకొడుకును సరస్సు తీసుకుంది" అంది. "చిన్నవాడు ఆ పడవలోనే ఉన్నాడు. తిరిగొచ్చి నీ కొడుకులాగే అయ్యాడు. నేను కూడా తిట్టాను తల్లీ. తర్వాత తిట్టడం మానేసి వాడిని పొద్దున్నే ఒడ్డుకు తీసుకెళ్లేదాన్ని. దిగమనేదాన్ని కాదు. పక్కన కూర్చునేదాన్ని. నువ్వూ కూర్చో. వాడి పేరు ఇంకోసారి చెప్పు, సరిగా పలకాలి."

"పెంచలకృష్ణ."

ఎస్నాత్ రెండు మూడుసార్లు తప్పు పలికింది. ప్రమీలమ్మ ఓపికగా సరిచేసింది. ఆ తర్వాత మామిడిచెట్టు కింద ఆడవాళ్లంతా లేచి నిలబడి ఒక్కసారిగా, ఎవరి గొంతుతో వాళ్లు, ప్రార్థన మొదలుపెట్టారు. అర్థంకాని ఆ మాటల మధ్యలో కొడుకు పేరు వినబడినప్పుడల్లా ప్రమీలమ్మ తల ఊపింది. అది అయిపోయేసరికి చర్చిలో ఇంకో నలుగురు లేచి వరసలో నిలబడ్డారు. ఒకామెకు గర్భసంచిలో గడ్డ. ఒకాయనకు తెగులు వచ్చి రొయ్యల గుంట మొత్తం పోయింది. టైటస్ మైకు పట్టుకుని ఒక్కొక్కరి దగ్గరకూ తీసుకెళ్లాడు.

హెబ్రోను గారు ముగింపు ప్రార్థన చేయకుండానే వెళ్లిపోయారు.

కొన్నాళ్లకు ఆయనే ఫోన్ చేశారు. "కమిటీ తీర్మానం చేసిందమ్మా. సొసైటీ ఇక నిన్ను పంపదు. మా పేరు వాడుకోకూడదు."

"సరేనయ్యగారూ. మీరు పంపబాకండి. నేను పోతా. అక్కడ పనిచేసే పర్మిట్టుకు అక్కడి సంఘమే పూచీ ఉంటానన్నది. ఇన్నాళ్లు మీరు పంపితే పోయినా. ఈసారి వాళ్లు పిలిస్తే పోతుండా."

"మొండిదానివి. మీ అమ్మ కూడా ఇంతే."

"ఆమె కూతుర్నే గదా."

ఆయన ఫోన్ పెట్టెయ్యలేదు. గొంతు తగ్గించి, "ఆ పసిబిడ్డ బతికినాడా?" అని అడిగారు.

"బతికినాడు. బళ్లో ఫుట్‌బాల్ ఆడతాడు. పేరు బ్లెస్సింగ్స్."

"మంచిది" అని ఆయన ఫోన్ పెట్టేశారు.

పెంచలకృష్ణ మళ్లీ సముద్రంలోకి వెళ్లలేదు. కానీ జయశీల ప్రయాణానికి ముందు ఒక పొద్దున ఇసుకమీద నడుస్తుంటే తల్లీకొడుకులు ఒడ్డున కూర్చుని కనిపించారు. ప్రమీలమ్మ ఏదో చెబుతోంది. వాడు వింటున్నాడో లేదో తెలియదు. ఆమె మాత్రం చెబుతూనే ఉంది.

చెన్నై రైలు కోసం సమాధానం ఆమెను గూడూరు స్టేషనుకు తీసుకొచ్చాడు. ప్లాట్‌ఫారమంతా నిమ్మకాయల బుట్టలు, కూలీల కేకలు. రైలు వస్తుందని మైకులో చెప్పాక తమ్ముడు ఒక్కసారిగా అడిగాడు.

"నీకేమన్నా అయితే ఈసారి ఎవరు చూస్తారక్కా? సొసైటీ కూడా లేదు."

"పోయినసారి ఎవరు చూసినారు?"

అతను ఆమె సంచి దగ్గరకు లాక్కుని నిలబడ్డాడు. ప్రతిసారీ ఈ ప్లాట్‌ఫారం మీద జయశీలే తమ్ముడి తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసి రైలెక్కేది. ఈసారి చెయ్యి చాపలేదు.

"ఈసారి నువ్వు చెయ్యి" అంది.

"నాకు రాదక్కా. పదిమందిలో నేను ఎప్పుడు చేసినా?"

"వచ్చినట్టు చెయ్యి."

రైలు కూత వినిపించింది. సమాధానం చుట్టూ చూశాడు. కళ్లు మూసుకున్నాడు. చప్పుడుకు తన మాట తనకే వినబడదని గొంతు పెంచాడు. "ప్రభువా, మా అక్కను నేను ఆపలేకపోయినా. కమిటీ ఆపలేకపోయింది. జ్వరం ఆపలేకపోయింది. నువ్వు కూడా ఆపబాక. కానీ కనిపెట్టుకోని ఉండు. నాకు ఉండేది ఒకే అక్క."

"ఆమెన్" అంది జయశీల. బుట్టలమీద కూర్చున్న కూలీలు తిరిగి చూసేంత గట్టిగా అంది. సంచి తనే భుజానికెత్తుకుని రైలెక్కింది.